ర కింద లాడం

జడ్చర్ల ఫ్లైఓవర్ కింద నా దుకాణం.
ఇరవై రెండేండ్ల సంది లారీల ఈపుల మీద
హారన్ కొట్టుమనే రాసిన.
రాయకున్నా కొడ్తరు, అది వేరే ముచ్చట.

ఆషాఢం పోయి ముహూర్తాలు మొదలైనంక
జానీమియా బొలెరో ట్రాలీ తెచ్చి అడ్డం పెట్టిండు.
లోపల గడ్డి, తడిపిన గోనెపట్టాలు,
పెండ్లికొడుకులను మోసే తెల్ల గుర్రం చాందినీ.
"ఈసారి ఉల్టా రాయాలె కుర్మన్నా," అన్నడు,
"కొట్టొద్దని."

నాకు నవ్వొచ్చింది.
"బారాత్‌ల డీజే డబ్బాల నడుమ నిలవడ్తది గద,
హారన్‌కు బెదుర్తదా?"

ఆయన దాని ఎన్క కాలు చూపిచ్చిండు.
మోకాలి కింద వెంట్రుక మొలవని జానెడు జాగ.
బాలానగర్ కాడ ఓ టిప్పరోడు
మీదిమీదికొచ్చి గాలి హారన్ ఒత్తిండట,
పలకల సందుల కాలు ఇరికిందట.
"డీజే కాడ కళ్లెం నా చేతుల ఉంటది.
నా వాసన తెలుస్తది దానికి.
ఇండ్ల ఎవరున్నరు?
కాళ్ల కింద నేల ఉరుకుతుంటది,
ఎవడొస్తున్నడో కనవడదు,
సప్పుడొక్కటే వస్తది."

నేను డబ్బా మూత తీసిన.

డోరు రెండు జానల ఎత్తు. ఏం రాయాలె?
"దయచేసి" అని మొదలువెట్టమన్నడు.
దయ దాక చదివేలోపే దాటిపోతరన్న.
"ప్రాణమున్న సామాన్" అన్నడు.
సామాన్ అనకు మియా, నువ్వే అట్లంటె ఎట్ల, అన్న.
చాయ్ తాగినం. ఇంకో చాయ్ తాగినం.
ఆఖరికి పసుపు మీద ఎర్రగ
గుర్రమున్నది, మెల్లగ.
రెండే మాటలు.

గు రాసిన. ర రాసి
దాని కింద ఒత్తు తిప్పుతుంటె
కుంచె చేతులనే ఆగింది.
అచ్చం లాడం.
ఇన్నేండ్లు ఆ ఒత్తు తిప్పిన,
ఎన్నడూ చూడలే.
మూడు వందలు మాట్లాడి రెండు వందలే తీసుకున్న.

రేడియం అంటిపియ్య మళ్ల వచ్చినప్పుడు చెప్పిండు.
పల్సర్ మీది పోరగాండ్లు పక్కపొంటి వచ్చి
గుర్రం లెక్క సకిలిచ్చిన్రట, ఫోన్ పట్టుకొని.
కారుల ఒకామె బిడ్డకు చూపియ్య మెల్లగ చేస్తె
ఆమె ఎన్కటోడు ఇద్దరినీ తిట్టిండట.
ఒకడైతె ఆపి, అమ్ముతవా, ఎంత, అని అడిగిండట.
కల్వకుర్తి డిపో బస్సు డ్రైవర్ మాత్రం
లైటు తగ్గిచ్చుకొని మూలమలుపు దాక ఎన్కనే వచ్చి,
దాటేటప్పుడు సప్పుడు చెయ్యకుంట
చెయ్యెత్తి పోయిండట.
ఆ చెయ్యి ముచ్చట మూడుసార్లు చెప్పిండు జానీమియా.

సరే. ఇగ నా ముచ్చట.

మిడ్జిల్ల మా అక్కకు పాణం బాగలేదని ఫోనొస్తె
రాత్రి పది దాటినంక బండి తీసిన.
ముందు ఏదో ట్రాలీ, నడి రోడ్డు మీద నత్తలెక్క.
నా బొటనవేలు
నాకు చెప్పకుంటనే ఒత్తింది.
ఒకసారి కాదు.

లోపల పలకల మీద
నాలుగు కాళ్లు ఒక్కపారి దడదడమన్నయి.
అప్పుడు చదివిన.
నా దస్తూరి.

కిటికీలకెంచి ఒక చెయ్యి బయటికొచ్చి
దాటిపో, పో, అని ఊపింది.
గుర్తువట్టలే నన్ను.
గుర్తువట్టి తిట్టినా బాగుండు.

నేను దాటలే.
లైటు కిందికి దించి, ముప్పై మీద
ఎన్కనే పోయిన.
గుంత వచ్చినప్పుడల్లా
ర కింద లాడం ఎగురుతున్నది, దిగుతున్నది.
లోపటి కాళ్లు ఇంకా కుదురుకోలే.
అక్క యాదికొస్తున్నది. అయినా ముప్పైయే.

గంతల నా ఎన్క ఎవడో
పెద్దగ కొట్టిండు, మళ్ల కొట్టిండు.
నా ఈపు మీద
ఏం రాసి లేదు.